ఇంగ్లండ్ పల్లెల్లో చరిత్రపూర్వ మట్టి ఆవరణల్ని ఎలా చూడాలి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది స్టోన్‌హెంజ్ ఒకసారి చూసొచ్చి, చరిత్రపూర్వ కాలం సంగతి దానితో అయిపోయిందనుకుంటారు. కానీ ఆ దేశపు పల్లెల్లో, గొర్రెలు మేసే గుట్టల మీద, టికెట్టూ బోర్డూ లేకుండా అంతకంటే పాతవీ, అంతకంటే పెద్దవీ ఎన్నో ఉన్నాయి. మనుషులు చేతులతో కందకం తవ్వి, ఆ మట్టినే పక్కన కట్టగా పోసి, ఒక జాగాను చుట్టేసిన ఆవరణలు అవి. రాళ్ళు నిలబెట్టి ఉండవు, గోడలు ఉండవు. గడ్డి కప్పిన ఒక మిట్ట, దాన్ని ఆనుకుని ఒక పల్లం, అంతే. అందుకే చాలామంది వెళ్ళి, పది నిమిషాలు నిలబడి, "ఇందులో చూడ్డానికి ఏముంది" అని వెనక్కి వచ్చేస్తారు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఎలా చూడాలో తెలిస్తే అక్కడ సగం రోజు ఇట్టే గడిచిపోతుంది. వెళ్ళేముందు ఇంట్లో ఏం చూసుకోవాలి, అక్కడికెళ్ళాక నేలను ఎలా చదవాలి, ఏం చేస్తే చట్టం ఊరుకోదు, ఇవన్నీ తెలిసినంతవరకు వివరంగా చెప్తాను.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి

ఈ ఆవరణలు ముఖ్యంగా మూడు రకాలు, వాటి మధ్య వేల ఏళ్ళ తేడా ఉంది. అన్నిటికంటే పాతవి నవీన శిలాయుగానివి. వ్యవసాయం బ్రిటన్‌కు చేరిన కొన్ని వందల ఏళ్ళకే, సుమారు క్రీ.పూ. 3700 నుంచి 3500 మధ్య తవ్వినవి. వీటిని కాజ్‌వేడ్ ఎన్‌క్లోజర్లు అంటారు. వీటి కందకం చుట్టూ ఏకధాటిగా ఉండదు. కొంత పొడవు తవ్వి, మధ్యలో నేలను అలాగే వదిలేసి, మళ్ళీ కొంత తవ్వి, అలా ముక్కలు ముక్కలుగా సాగుతుంది. విల్ట్‌షైర్‌లో ఏవ్‌బరీ దగ్గరున్న విండ్‌మిల్ హిల్ మీద ఇలాంటి కందకాలు ఒకదాని లోపల ఒకటి మూడు వలయాలున్నాయి. ఇన్ని దారులు వదిలేసిన కందకం ఎవర్నీ ఆపలేదు కాబట్టి, ఇవి ఎక్కువగా జనం ఏడాదిలో ఏదో ఒక కాలంలో కలుసుకుని, పశువుల్ని కోసుకుని విందులు చేసుకున్న చోట్లని పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం. కందకాల్లో దొరికిన పశువుల ఎముకలు, పగిలిన కుండలు దానికి ఆధారం. అలాగని అన్నీ పండగ చోట్లే అనుకోకండి. గ్లోస్టర్‌షైర్‌లోని క్రిక్లీ హిల్ ఆవరణలో వందల కొద్దీ చెకుముకి రాతి బాణపు మొనలు దొరికాయి, అవి ఎక్కువగా ప్రవేశ ద్వారాల దగ్గరే పడి ఉన్నాయి. అంటే అక్కడ దాడి జరిగిందన్నమాట.

రెండో రకం హెంజ్‌లు. క్రీ.పూ. 3000 నుంచి 2000 మధ్యవి. ఇందులో కందకం లోపలివైపు ఉంటుంది, కట్ట బయటివైపు ఉంటుంది. శత్రువుని ఆపాలనుకునేవాడు ఎవడూ కందకాన్ని తను నిలబడే వైపు తవ్వుకోడు. కాబట్టి వీటికి రక్షణతో సంబంధం లేదు. బయట కట్ట మీద జనం కూర్చుని లోపల జరిగేది చూసేవారేమో అని కొందరంటారు, అది ఊహే. మూడో రకం హిల్ ఫోర్ట్‌లు, అంటే గుట్టల మీది మట్టికోటలు. ఇవి ఎక్కువగా ఇనుప యుగానివి, కంచు యుగం చివర్లో, సుమారు క్రీ.పూ. 1000 ప్రాంతంలో మొదలై, క్రీ.శ. 43లో రోమన్లు దండెత్తి వచ్చే వరకు కట్టుకుంటూ, పెంచుకుంటూ, వదిలేస్తూ వచ్చినవి. వీటిలో కట్ట లోపల, కందకం బయట. బ్రిటన్, ఐర్లండ్‌లు కలిపి ఇలాంటివి 4,000 పైచిలుకు నమోదయ్యాయి. ఇవి కాక ఇనుప యుగపు చిన్న రైతు కుటుంబాల ఆవరణలు లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక ఇల్లు, కాస్త దొడ్డి పట్టేంతవి.

కాబట్టి అక్కడికెళ్ళగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: కందకం కట్టకు లోపలుందా, బయటుందా? దీంతో సగం పైగా తేలిపోతుంది. ఒక్క చిక్కుంది. హెంజ్ అనే మాటే ఎక్కడినుంచి వచ్చిందో ఆ స్టోన్‌హెంజ్‌లోనే పెద్ద కట్ట కందకానికి లోపలివైపు ఉంది, అంటే దాని పేరుతో పిలిచే రకానికే అది సరిగ్గా నప్పదు. ఇంకో చిక్కు, ఒకే చోట రెండు మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి ఉండటం. డోర్సెట్‌లోని మెయిడెన్ కాజిల్ దేశంలోని అతి పెద్ద మట్టికోటల్లో ఒకటి, దాని కింద నవీన శిలాయుగపు ఆవరణ ఒకటి ఉంది. మాల్వర్న్ కొండల మీది బ్రిటిష్ క్యాంప్‌లో ఇనుప యుగపు కోట నడినెత్తిన ఎంతో తర్వాతిదైన, మధ్యయుగాల్లో నార్మన్ల కాలపు చిన్న మట్టికోట కూర్చుంది. వెళ్ళేముందు ఇది చదువుకోకపోతే రెండూ ఒకటే అనుకుని వచ్చేస్తారు.

ఇంట్లో కూర్చుని చేయాల్సింది

పురాతన కట్టడాల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ నడిపే నేషనల్ హెరిటేజ్ లిస్ట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. అందులో మ్యాప్ సెర్చ్ తెరిచి మీరుండే ఊరి చుట్టూ జూమ్ చేయండి. చట్టపరంగా రక్షణ ఉన్న పురావస్తు స్థలాలు, అంటే షెడ్యూల్డ్ మాన్యుమెంట్లు, ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 ఉన్నాయి. మీకు దగ్గర్లో ఒక్కటైనా లేకుండా ఉండటం అరుదు. ఒకదాని మీద నొక్కితే దాని లిస్ట్ ఎంట్రీ నంబరు, రక్షిత హద్దు, వివరణ వస్తాయి. ఆ వివరణ గవర్నమెంటు భాషలో ఉంటుంది, చదవడం కష్టంగానే ఉంటుంది, అయినా మొత్తం చదవండి. కట్ట ఎక్కడ బాగా మిగిలింది, కందకం ఎక్కడ పూడిపోయి కంటికి కనబడకుండా ఉంది, ఏ కంచె, ఏ కరెంటు స్తంభం రక్షణ పరిధిలోకి రావు, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, తర్వాత పనికొస్తుంది. వేల్స్‌కీ స్కాట్లండ్‌కీ ఇలాంటి జాబితాలు వేరుగా ఉన్నాయి.

తర్వాత లైడార్ చూడండి. విమానం నుంచి లేజర్ కాంతిని నేల మీదికి పంపి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి ఎత్తు కొలిచే పద్ధతి ఇది. చెట్లు, పొదలు లెక్కలోంచి తీసేసి ఉత్త నేల ఆకారాన్ని చూపించడం దీని గొప్పతనం. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇంగ్లండ్ అంతటికీ ఒక మీటరు స్థాయిలో దీన్ని తీయించి అందరికీ ఉచితంగా ఇచ్చింది. డేటా డౌన్‌లోడ్ చేసి సాఫ్ట్‌వేర్‌లో తెరవడం తెలియకపోతే, నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ మ్యాపుల సైట్‌లో లైడార్ పొరను పాత మ్యాపుల పక్కన పెట్టి చూసుకోవచ్చు. అడవిలో కలిసిపోయి, దగ్గరికెళ్ళినా తెలియని కట్టలు ఈ చిత్రంలో గీత గీసినట్టు కనిపిస్తాయి. ఒక జాగ్రత్త. ఈ చిత్రాల్లో నీడలు కంప్యూటర్ వేసినవి, వెలుగు మామూలుగా ఒక్క దిక్కు నుంచే, చాలాసార్లు వాయవ్యం నుంచి వేస్తారు. ఆ వెలుగు పడే దిశలోనే సాగే కట్టకి నీడ ఉండదు, కాబట్టి అది మాయమైపోయినట్టు కనిపిస్తుంది. వలయంలో రెండు చోట్ల గీత సన్నబడితే అక్కడ కట్ట తెగిందని వెంటనే నిర్ణయానికి రాకండి.

మూడోది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు, 1:25,000 స్కేలుది. ఇందులో పురాతన స్థలాల పేర్లు పాతకాలపు గోతిక్ అక్షరాల్లో అచ్చువేస్తారు. రోమన్ కాలపు వాటికి వేరే అక్షరాలు వాడతారు, కాబట్టి అక్షరం ఆకారం చూసి అది రోమన్ కాలానిదో కాదో చెప్పొచ్చు. కట్టలూ కందకాలూ తోకకప్పల వరసల్లాంటి చిన్న గీతలతో చూపిస్తారు, లావు తల వాలు పైభాగాన ఉంటుంది, తోక కిందికి దిగుతుంది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మ్యాపు చూసే ఏది కట్టో ఏది పల్లమో చెప్పగలరు.

అన్నిటికంటే ముఖ్యంగా మ్యాపులో చూడాల్సింది దారి. చట్టపరమైన రక్షణ ఉన్నంతమాత్రాన అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చని కాదు, దీన్ని చాలామంది పొరబడతారు. వీటిలో ఎక్కువభాగం రైతుల సొంత పొలాల్లో ఉన్నాయి. పబ్లిక్ ఫుట్‌పాత్ (అందరికీ నడిచే హక్కున్న కాలిబాట) గానీ బ్రిడిల్‌వే (గుర్రాలు కూడా పోయే బాట) గానీ దాని మీదుగా పోతే ఆ దారి వెంట నడవచ్చు. 2000 నాటి చట్టం కింద నడకకి తెరిచిన భూమి అయితే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో లేత పసుపు రంగు వేసి ఉంటుంది, అక్కడ దారి వదిలి కూడా కాలినడకన తిరగొచ్చు. ఈ రెండూ కాకపోతే రైతుని అడగాలి. తలుపు తట్టి, ఫలానా కట్టలు చూడాలనుందండీ అని మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కొందరు తమ తాతల నాడు అక్కడ ఏముండేదో కూడా చెప్తారు. ఒప్పుకోకపోతే థాంక్స్ చెప్పి వచ్చేయాలి, ఫుట్‌పాత్ మీద నుంచి కనిపించినంత చూసుకోవాలి. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ బాధ్యతగా నడుచుకుంటే దాదాపు ఎక్కడైనా తిరిగే హక్కుంది.

ఎప్పుడు వెళ్ళాలి

చలికాలం. డిసెంబరు నుంచి మార్చి మొదటివారాల దాకా. ఎండాకాలంలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కలు నడుం ఎత్తున పెరిగి కందకాల్ని నింపేస్తాయి, గడ్డి పొడుగ్గా ఉంటుంది, సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడలన్నీ తినేస్తాడు. చలికాలంలో ఇదంతా చచ్చి అణిగిపోతుంది, సూర్యుడు రోజంతా కిందగానే ఉంటాడు, అడుగు ఎత్తు కూడా లేని కట్టకి సైతం పొడవాటి నీడ పడుతుంది. ఎండ ఉన్న రోజు ఉదయం తొమ్మిదిన్నర లోపో, మధ్యాహ్నం మూడు దాటాకో వెళ్ళండి. పల్చగా మంచు కురిసిన మర్నాడు దొరికితే అసలు వదులుకోకండి, మిట్టల మీది మంచు ముందు కరిగి కందకాల్లోది మిగిలిపోతుంది, మొత్తం నక్షా తెల్లటి గీతల్లో నేల మీదే కనిపిస్తుంది.

ఎండాకాలంలో వెళ్ళడానికి ఒకే ఒక్క కారణం ఉంది. దున్ని దున్ని పైన ఏ ఆనవాలూ లేకుండా పోయిన ఆవరణలు, కరువు వచ్చిన ఏడాది పైరులో బయటపడతాయి. పూడిపోయిన కందకంలో మట్టి లోతుగా ఉంటుంది, తేమ నిలుస్తుంది, దాని మీది గోధుమ, బార్లీ పచ్చగా ఎత్తుగా పెరుగుతాయి. చుట్టూ ఉన్నది ముందే పండిపోయి పసుపెక్కుతుంది. 2018 ఎండల్లో ఇలా ఎన్నో కొత్తవి బయటికొచ్చాయి. అయితే ఇవి నేల మీద నిలబడితే పెద్దగా తెలియవు, పై నుంచి చూడాలి. విల్ట్‌షైర్‌లోని వుడ్‌హెంజ్ బయటపడింది కూడా 1925లో విమానం నుంచి గిల్బర్ట్ ఇన్‌సల్ అనే పైలట్ కంట పడబట్టే.

అక్కడికెళ్ళాక నేలను చదవడం

చేరగానే లోపలికి పోకండి. ఆవరణ మధ్యలో నిలబడితే ఏమీ అర్థం కాదు, చుట్టూ గడ్డి తప్ప. దారి ఉన్నంతవరకు మొదట బయటి నుంచి చుట్టూ తిరగండి. గుట్ట వాలు ఎటువైపు నిటారుగా ఉంది, ఎటు మెల్లగా ఉంది చూడండి. మట్టికోటల్లో నిటారు వైపు ఒక్క కట్టతో సరిపెట్టి, సులువుగా ఎక్కగలిగే వైపు రెండు మూడు వరసలు వేస్తారు. ఎటువైపు ఎక్కువ కష్టపడ్డారో చూస్తే ఎటునుంచి భయం ఉండేదో, లేదా ఎటునుంచి వచ్చేవాళ్ళకి గొప్పగా కనిపించాలనుకున్నారో తెలుస్తుంది. ఈ రెండో మాట తేలిగ్గా తీసుకోవద్దు. చాలా కోటలు యుద్ధం కంటే హోదా కోసమే అంత పెద్దగా కట్టారని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు.

ఇక కట్టకి అడ్డంగా చూడండి. బయట పొలం నుంచి మొదలుపెట్టి నేల ఎలా దిగుతోంది, కందకం అడుగు బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా, కందకం అవతల అంచున ఇంకో చిన్న కట్ట ఉందా, పెద్ద కట్ట లోపలివైపు నేల కాస్త తవ్వినట్టు గుంటగా ఉందా. ఆ చివరిది చాలామంది గమనించరు. కట్ట ఎత్తు పెంచడానికి లోపలి నుంచి కూడా మట్టి తీసుకుంటారు, ఆ గుంటల్లోనే గాలి తగలకుండా ఇళ్ళు కట్టుకుంటారు.

మీకు కనిపించేది తవ్వినప్పటి ఆకారం కాదని మాత్రం మనసులో పెట్టుకోవాలి. ఏవ్‌బరీలోని పెద్ద హెంజ్ కందకం కొన్ని చోట్ల 9 మీటర్ల లోతు తవ్విందని 1908 నుంచి 1922 మధ్య హెరాల్డ్ సెయింట్ జార్జ్ గ్రే చేసిన తవ్వకాల్లో తేలింది. జింక కొమ్ములతో సుద్దరాయిని పెళ్ళగించి, బుట్టల్లో మోసుకొచ్చి పోశారు. ఇప్పుడు ఆ లోతులో చాలా భాగం పూడిపోయింది. అది ఎలా పూడుతుందో తెలుసుకోవడానికి 1960లో ఏవ్‌బరీకి దగ్గర్లోనే ఓవర్టన్ డౌన్ అనే చోట ఒక పనిచేశారు. కొత్తగా ఒక కందకం తవ్వి, కట్ట పోసి, 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్ళకి కొంత కొంత కోసి చూడాలని నిర్ణయించుకున్నారు. మొదలుపెట్టినవాళ్ళెవరూ చివరిది చూడరని తెలిసీ మొదలుపెట్టారు, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. అందులో తేలిందేమిటంటే, కందకం గోడలు మొదటి కొన్ని చలికాలాల్లోనే మంచుకి పగిలి గబగబా రాలిపోతాయి, తర్వాత గడ్డి పట్టి స్థిరపడిపోతుంది. అంటే మీరు చూస్తున్న మెత్తటి వంపు వేల ఏళ్ళుగా మెల్లగా అరిగింది కాదు, చాలావరకు తవ్వినవాళ్ళు బతికుండగానే ఏర్పడింది. వాళ్ళు మళ్ళీ మళ్ళీ శుభ్రం చేసుకోవాల్సి వచ్చేదన్నమాట. ఆ మొదట రాలిన సుద్ద కింద, కందకం అడుగున, వదిలేసిన జింక కొమ్ములు, ఎముకలు ఉండిపోతాయి. కాలం తేల్చడానికి పనికొచ్చేవి అవే.

తర్వాత ప్రవేశాలు వెతకండి. ఇందులో ఒక కిటుకు ఉంది. కట్టలో సందు కనిపించగానే అది ద్వారం అనుకోకూడదు, దాని ఎదురుగా కందకం కూడా ఆగిందా లేదా చూడాలి. తవ్వకుండా వదిలేసిన గట్టి నేల దారిలా ఉంటే అది అసలు ద్వారం. కందకం అలాగే సాగిపోతూ, కట్టను కోసిన మట్టిని అందులోకి తోసి నింపినట్టుంటే, అది తర్వాతెప్పుడో ఏ రైతో బండి కోసమో ట్రాక్టరు కోసమో చేసుకున్న సందు. మెయిడెన్ కాజిల్ పడమటి ద్వారం దగ్గర అసలు ద్వారం ఎంత క్లిష్టంగా ఉండగలదో చూడొచ్చు, కట్టలు ఒకదాన్నొకటి దాటుకుంటూ మెలికలు తిరిగి, లోపలికి వెళ్ళేవాణ్ణి ఎటు తిరిగినా పక్కనుంచి పై నుంచి కనిపెట్టేలా ఉంటాయి.

ఆ కోటను 1934 నుంచి 1937 వరకు తవ్వింది మార్టిమర్ వీలర్. తర్వాత 1944లో మన దేశానికి వచ్చి 1948 దాకా భారత పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసి, బ్రహ్మగిరి, అరికమేడు తవ్వినాయన ఈయనే. మెయిడెన్ కాజిల్ తూర్పు ద్వారం దగ్గర దొరికిన అస్థిపంజరాల్ని చూసి, రోమన్లు కోటను ముట్టడించి జరిపిన ఊచకోత ఇదని ఆయన కథ అల్లాడు. తర్వాతివాళ్ళు ఆ ఆధారాల్ని మళ్ళీ పరిశీలించి, అవి అన్నీ ఒకేరోజు చచ్చినవాళ్ళవి కావని, మామూలు శ్మశానంలో కొందరు గాయాలతో పోయినవాళ్ళు కూడా ఉన్నారని తేల్చారు. బోర్డు మీదో పాత పుస్తకంలోనో యుద్ధం, ముట్టడి అని రాసుంటే అది ఎప్పుడు రాసిందో చూడండి అని చెప్పడానికే ఇదంతా.

మోసపోయే అవకాశం ఉన్నవి కూడా చెప్పాలి. వాలు మీద అడ్డంగా మెట్లు మెట్లుగా కనిపించే సన్నటి అంచులు గొర్రెలు, ఆవులు నడిచినవీ, మట్టి జారినవీ. లోపల సమానదూరంలో అలల్లా సాగే గీతలు మధ్యయుగపు దుక్కి. గుండ్రటి గుంట సుద్ద కోసమో రాయి కోసమో తవ్విన పాత గని కావచ్చు. ష్రాప్‌షైర్‌లోని ఓల్డ్ ఆస్వెస్ట్రీ కోటలో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళేముందు సైనికులు శిక్షణకి తవ్విన కందకాలు కూడా ఉన్నాయి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది డోర్సెట్‌లోని నోల్టన్. చిన్నది, ప్రవేశం ఉచితం, పది నిమిషాల్లో చుట్టి రావొచ్చు. హెంజ్ నట్టనడుమ 12వ శతాబ్దపు చర్చి ఒకటి పైకప్పు పోయి నిలబడి ఉంది. కట్ట మీది నుంచి చర్చి వైపు చూస్తే ముందు మీ కాళ్ళ కింద కట్ట దిగి, కందకంలోకి జారి, మళ్ళీ లేచి చర్చి నేలకి చేరుతుంది. కందకం లోపలివైపు ఉండటం అంటే ఏమిటో ఏ బొమ్మా అక్కర్లేకుండా అక్కడ ఒంటికి తెలుస్తుంది. దాని తర్వాత ఏదైనా మట్టికోటకి, హాంప్‌షైర్‌లోని డేన్‌బరీకో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అఫింగ్టన్‌కో వెళ్ళండి, తేడా ఎంత స్పష్టంగా ఉంటుందో చూస్తారు. ఆ తర్వాత మాత్రం మీ ఊరి పక్కన, ఎవరూ వెళ్ళని, పేరు కూడా సరిగా లేని ఒక చిన్న ఆవరణ ఎంచుకోండి. అసలు ఆనందం అక్కడే.

ముట్టుకోకూడనివి

వీటికి రక్షణ ఇచ్చిన మొదటి చట్టం 1882లో జాన్ లబక్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి తెచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 1979 చట్టం. దాని ప్రకారం అనుమతి లేకుండా రక్షిత స్థలాన్ని తవ్వడం, పూడ్చడం, పాడుచేయడం నేరం. భూమి తనదే అయినా యజమానికి కూడా అదే వర్తిస్తుంది. మెటల్ డిటెక్టర్ సంగతి ఇంకా ఖచ్చితం, అనుమతి లేకుండా రక్షిత స్థలంలో వాడటమే నేరం, ఏమీ దొరక్కపోయినా, ఏమీ తవ్వకపోయినా. నేల కింద ఏముందో చూసే జియోఫిజికల్ పరికరాలకి కూడా లైసెన్సు కావాలి. కాబట్టి కొలుద్దామని మేకులు దిగ్గొట్టడం, జెండాలు పాతడం వంటివి కూడా పెట్టుకోకండి. టెంటు వేయొద్దు, బార్బెక్యూ అస్సలు వద్దు. నిప్పు గడ్డిని చంపితే ఆ మట్టి తర్వాతి వానకి కదలడం మొదలవుతుంది. నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ స్థలాల్లో డ్రోన్ ఎగరేయనివ్వరు, మిగతా చోట్ల కూడా యజమానిని అడిగి, విమానయాన నియమాలు చూసుకున్నాకే.

ఏదైనా జంతువు తోడిపోసిన మట్టి కుప్పలోనో కుందేలు బొరియ దగ్గరో చెకుముకి ముక్క గానీ కుండపెంకు గానీ కనిపిస్తే చేతులు జేబులో పెట్టుకోండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి, ఫోన్‌లో గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటుని చెప్పే అక్షరాలు, అంకెలు) రాసుకుని అలాగే వదిలేయండి. అది భూమి యజమానిది. పైగా ఎక్కడ పడి ఉందో ఆ చోటు నుంచి కదిపితే అది చెప్పగలిగింది చాలావరకు పోతుంది. ఒకటే కదా అని ప్రతివాడూ ఒకటి తెచ్చుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

కాళ్ళ వల్ల జరిగే నష్టం ఎవరూ నేరమనుకోరు, కానీ జనం ఎక్కువ వచ్చే కోటల్లో కట్టలకి పెద్ద శత్రువు అదే. అందరూ ఒకే చోట ఎక్కితే గడ్డి పోతుంది, తెల్ల సుద్ద బయటపడుతుంది, వాన నీళ్ళు ఆ గాడిలోంచి పారి దాన్ని ఇంకా లోతు చేస్తాయి. మెట్లు కట్టిన చోట మెట్ల మీదే ఎక్కండి. మెట్లు లేకపోతే అరిగిన గీతను వదిలి గడ్డి దట్టంగా ఉన్న చోట, దారి హక్కు ఉన్నంత పరిధిలో నడవండి. బాగా వాన పడ్డ మర్నాడు నిటారు వాలు ఎక్కకండి. సుద్ద నేల తడిస్తే సబ్బులా జారుతుంది, మీ కాలికీ మంచిది కాదు, కట్టకీ మంచిది కాదు. సైకిల్ తొక్కడం మాటే వద్దు. గొర్రెలు మేస్తుంటే వాటిని చూసి విసుక్కోకండి, పొదలు పెరిగి వేళ్ళు కట్టను చీల్చకుండా కాపాడుతున్నది అవే. కుక్కను తీసుకెళ్తే తాడు వదలొద్దు. దూడలున్న ఆవుల మధ్యలోంచి మాత్రం నడవకండి, చుట్టూ తిరిగి పోండి. గేటు తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి వదలాలి.

ఎండాకాలంలో బ్రాకెన్‌లోంచి నడిస్తే ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని, ఇంటికొచ్చాక మోకాలి వెనక, నడుం దగ్గర పిడుదు పురుగులు పట్టాయేమో చూసుకోండి. లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది.

పాడైనట్టు కనిపిస్తే

కొత్తగా తవ్విన చిన్న చిన్న గుంతలు వరసగా కనిపిస్తే అవి రాత్రిపూట దొంగచాటుగా మెటల్ డిటెక్టర్లతో వచ్చినవాళ్ళవి కావచ్చు. మోటార్‌బైకు చక్రాల గాడులు, కట్ట మీద కొత్తగా దిగిన కంచె స్తంభాలు, దున్నేసిన అంచు, ఇవీ అంతే. అయితే దుక్కి విషయంలో తొందరపడి రైతుని నేరస్తుణ్ణి చేయకండి, ముందు నుంచీ దున్నుతున్న పొలంలో అదే లోతుకి దున్నుకోవడానికి చట్టమే వీలిచ్చింది. గుంతల్ని కెలక్కుండా ఫోటోలు తీయండి, దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి, ఏదైనా కొలత కోసం పెట్టి ఒకటి. పోలీసుల అత్యవసరం కాని నంబరు 101కి ఫోన్ చేసి అది షెడ్యూల్డ్ మాన్యుమెంటని, ఇది హెరిటేజ్ క్రైమ్ అని ఆ మాటలతోనే చెప్పండి. ముందు సేవ్ చేసుకున్న లిస్ట్ ఎంట్రీ నంబరు ఇవ్వండి, అది లేకపోతే పొలంలో ఎవరో గుంత తీశారన్న ఫిర్యాదుగా మిగిలిపోయే ప్రమాదముంది. మీ కళ్ళముందే తవ్వుతుంటే అత్యవసర నంబరు 999కి చేయండి. వాళ్ళ దగ్గరికెళ్ళి మాట్లాడే ప్రయత్నం చేయకండి, బండి నంబరు కనబడితే రాసుకుని దూరంగా వచ్చేయండి.

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకెళ్ళండి. ఆవరణ చుట్టూ తిరుగుతూ అడుగులు లెక్కపెట్టుకుని, ఉత్తరం పైకి ఉండేలా ఒక ముతక నక్షా గీయండి. కట్ట ఎక్కడ ఎత్తుగా ఉంది, ఎక్కడ తెగింది, ఎక్కడ కుందేళ్ళు తవ్వాయి, అన్నీ దాని మీదే రాసుకోండి. వాలు ఎంత నిటారో ఫోన్‌లోని లెవెల్ యాప్ చెప్తుంది. బొమ్మ బాగా రాకపోయినా పర్లేదు, గీయడం కోసం చూసే చూపు ఫోటో తీయడం కోసం చూసే చూపు కంటే ఎంతో లోతుగా పోతుంది. ఇంటికొచ్చాక దాన్ని లైడార్ చిత్రం పక్కన, లిస్ట్ ఎంట్రీ వివరణ పక్కన పెట్టి పోల్చండి. వివరణలో ఉన్నది నేల మీద లేకపోయినా, నేల మీద ఉన్నది వివరణలో లేకపోయినా, ఆ కౌంటీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్‌కి ఫోటో, గ్రిడ్ రిఫరెన్స్, వెళ్ళిన తేదీ జతచేసి మెయిల్ పెట్టండి. స్థానిక పురావస్తు స్థలాల వివరాలన్నీ ఒకచోట పెట్టేది వాళ్ళే. మామూలు జనం పంపిన సమాచారం కూడా అందులోకి ఎక్కుతుంది.